ఐరిన్ వాళ్లమ్మ వేసిన పువ్వు

2022 సెప్టెంబరు. హామిల్టన్‌లో డౌన్‌టౌన్‌కి తూర్పున, పాత సామాన్ల దుకాణాలు వరసగా ఉండే వీధిలో నాకో చిన్న ల్యాంప్ రిపేర్ షాపు ఉంది. ఒక పక్క బేకరీ, ఇంకోపక్క బట్టలు సైజు చేసిచ్చే టైలరు. మధ్యలో పొడుగ్గా, ఇరుగ్గా నా గది. అప్పటికి ఆ షాపు నా చేతికొచ్చి తొమ్మిదేళ్లు. విశాఖలో కెమిస్ట్రీ చదువుకున్న నేను ఈ పనిలోకి ఎలా వచ్చానని మనవాళ్లు చాలామంది అడుగుతారు. పెద్ద కథేం కాదు. కెనడా వచ్చిన కొత్తలో ల్యాబ్ ఉద్యోగం దొరక్క, ఈ షాపు పాత యజమాని దగ్గర కౌంటర్‌లో చేరాను. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక పని నాకు నేర్పాడు. ఆయన రిటైరయ్యాక షాపు నేను తీసుకున్నాను.

ఆ సంవత్సరం ఊరు ఊరంతా స్టూడెంట్లే. బస్సు స్టాపులో నిలబడితే కరీంనగర్ తెలుగూ, గుంటూరు తెలుగూ, కర్నూలు తెలుగూ వినిపించేవి. చెత్త ఎత్తుకెళ్లే గార్బేజ్ రోజున జనం వీధి అంచున పెట్టేసిన ల్యాంపులు పట్టుకొచ్చి "ఆంటీ, ఇది వెలుగుతుందా?" అని అడిగే పిల్లలు వారానికి నలుగురైదుగురు వచ్చేవారు. వాటిలో చాలావాటికి ప్లగ్గు మారిస్తే సరిపోయేది.

నా పని రెండు రకాలు. ఒకటి రీవైరింగ్: పాత తీగ తీసేసి కొత్త తీగ, కొత్త హోల్డర్ వెయ్యడం. రెండోది రెస్టొరేషన్: పగిలిన పింగాణీని అతికి, పోయిన ముక్కలు పూరించి, రంగు కలపడం. రెండోదానికి ఓపిక కావాలి. అంతకంటే ముందు, ఆ వస్తువు ఎక్కడ, ఎలా తయారైందో తెలియాలి. నా దగ్గరకొచ్చే పాత పింగాణీ ల్యాంపుల్లో సగం ఇంగ్లండువి. వాటిలోనూ ఎక్కువ భాగం స్టోక్ అనే ఊరి చుట్టుపక్కల పుట్టినవి. అక్కడ నేలలో బంకమన్నూ, బొగ్గూ పక్కపక్కనే దొరికేవట. అందుకని తరతరాలు కుండలూ, కప్పులూ, కూజాలూ చేస్తూ ఆ ప్రాంతం మొత్తాన్నీ జనం 'పాటరీస్' అనే పిలిచారు. ఇళ్లలోకి కరెంటు వచ్చాక అవే బట్టీల నుంచి టేబుల్ ల్యాంపులు కూడా రావడం మొదలైంది.

మౌనిక మొదటిసారి నా షాపుకి వచ్చింది ఒక మంగళవారం పొద్దున. జగిత్యాల అమ్మాయి, ఇరవై మూడేళ్లుంటాయి. ఇక్కడ కాలేజీలో సప్లై చైన్ కోర్సు చదువుతూ, ఒక గ్రోసరీ స్టోర్‌లో పార్ట్‌టైమ్ చేస్తోంది. చేతిలో రైస్ కుక్కర్ వచ్చిన అట్టపెట్టె. దాన్ని కౌంటర్ మీద పెట్టి, మూత తీసి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది.

లోపల ఒక తువ్వాలు, తువ్వాల్లో ఒక టేబుల్ ల్యాంపు ముక్కలు. పెద్దవి ఏడు, చిన్నవి చాలా. దంతం రంగు గ్లేజు. గ్లేజంటే పింగాణీ మీద గాజులాంటి పూత. దాని కింద నారింజ రంగు పువ్వులు, ఆకుపచ్చ ఆకులు, చేత్తో వేసినవి.

"అతకొచ్చా ఆంటీ?"

"అతకొచ్చు. ఎవరిది?"

ఆ అమ్మాయి చెప్పింది. అద్దెకుంటున్న ఇంటి యజమానురాలిది. పేరు ఐరిన్. డెబ్బై ఎనిమిదేళ్లు. భర్త పోయాక ఒక్కతే ఉంటూ, మేడ మీది గది మౌనికకి ఇచ్చింది. కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించుకుని, పక్క ఊరు బర్లింగ్టన్‌లో స్నేహితురాలి ఇంట్లో రెండు రోజులు ఉండి గురువారం వస్తుంది. ముందు గదిలో గోడకున్న ప్లగ్గులో మౌనిక తన ఫోన్ ఛార్జరు పెట్టుకుంది. డ్యూటీకి టైమైపోతోందని దాన్ని ఒక్క గుంజు గుంజింది. ఆ తీగలో ల్యాంపు తీగ మెలిపడి ఉందని చూసుకోలేదు.

"గురువారం లోపల ఏం తెలవకుండా అయితదా ఆంటీ? పగిలినట్టే కనపడొద్దు."

"కాదు. నెల పడుతుంది. ఇంకోమాట, ఇది నీ వస్తువు కాదు కదా. ఆవిడని అడక్కుండా నేను ముట్టుకోను."

"చెప్తే పొమ్మంటది ఆంటీ. ఇప్పుడు రూమ్ ఏడ దొరుకుతది? మా క్లాస్‌మేట్స్ ఒక బేస్‌మెంట్‌ల ఎనిమిది మంది ఉంటున్నరు. ఇద్దరు కిచెన్‌ల పడుకుంటున్నరు."

అది నిజమే. ఆ రోజుల్లో గది పోతే ఇంకోటి దొరకడం మాటలు కాదు. అయినా నా సమాధానం మారలేదు. ముక్కలు జాగ్రత్తగా దాచిపెడతాననీ, గురువారం ఆవిడతో చెప్పి, ఆవిడ సరేనంటే ఇద్దరూ కలిసి రమ్మనీ అన్నాను. రసీదు రాసి, 'యజమాని: ఐరిన్' అని పెట్టాను. అది చూసి ఆ అమ్మాయి ముఖం ఇంకా చిన్నబోయింది.

"మీరు ఫోన్‌ల చెప్పరాదు? మీరు చెప్తే అర్థం చేసుకుంటది."

"పగిలింది నీ చేతుల్లో. నువ్వే చెప్పాలమ్మా."

చాలా కటువుగా అన్నాననిపించింది. కానీ ఈ పనిలో ఉంటే ఇలాంటివి ఎన్నో వస్తాయి. రహస్యంగా అతికించుకుపోయిన వస్తువు ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. అప్పుడు అందులో నా చెయ్యి కూడా ఉంటుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. ఐరిన్ నల్ల కళ్లద్దాలు పెట్టుకుంది. మౌనిక ఆవిడ మోచెయ్యి పట్టుకుని మెట్టు ఎక్కించింది గానీ ఇద్దరి మధ్యా మాటల్లేవు. ముక్కలు ట్రేలో పరిచి ఆవిడ ముందు పెట్టాను. అద్దాలు తీసి చూసింది. ఆపరేషన్ అయిన కంట్లోంచి నీరు కారుతోంది, అది మందు వల్లో మరి దేనివల్లో తెలియదు. చూపు ఇంకా కుదురుకోలేదేమో, ముక్కల్ని వేళ్లతో తడిమింది.

"మా అమ్మ దీన్ని తయారుచేసిన ఫ్యాక్టరీలో పెయింట్రెస్," అంది.

పాటరీస్‌లో రంగులేసే ఆడవాళ్లని అలాగే పిలిచేవారు. పద్నాలుగేళ్లకే చేరేవారు. ఒక బల్ల చుట్టూ కూర్చుని, గ్లేజు ఎక్కించని పింగాణీ మీద తిన్నగా బ్రష్షుతో వేసేవారు. ముందు గీసుకోవడం ఉండదు, తప్పితే చెరపడం ఉండదు. ఒక ఆకంటే బ్రష్షు ఒక్కసారి అదిమి లేపడమే. తర్వాత దాన్ని గ్లేజులో ముంచి బట్టీలో కాలుస్తారు. రంగు గాజు పూత కిందకి వెళ్లిపోతుంది. ఇక వందేళ్లయినా దాన్ని గోకలేం, కడగలేం.

ఐరిన్ అడుగు ముక్క తిరగేసి చూపించింది. ఫ్యాక్టరీ ముద్ర పక్కన మూడు చుక్కలు, వాటి కింద ఒక గీత. వేసినవాళ్లు ఎవరో తెలియడానికి ఒక్కొక్కరూ పెట్టుకునే గుర్తు అది. "ఇది అమ్మది. గ్లేజులో ఎక్కడో చిన్న బుడగ ఉందని పక్కన పెట్టేస్తే, పెళ్లికి అమ్మకే ఇచ్చేశారట. నాకు ఐదేళ్లప్పుడు కెనడా వచ్చాం. ఓడలో నాన్న దీన్ని తన కోటులో చుట్టి, దారంతా ఒళ్లో పెట్టుకున్నాడు."

తీగ కోసం అడుగున ఉన్న రంధ్రం నేను అంతకుముందే చూశాను. అంచు నున్నగా ఉంది, గ్లేజు లోపలికంటా పాకింది. తర్వాత డ్రిల్ చేసిన కూజా కాదది. ల్యాంపుగానే పుట్టింది. ఆ మాట చెబితే ఐరిన్ తల ఊపింది, ఆ సంగతి తనకెప్పుడో తెలుసన్నట్టు. పొద్దుగూకే ముందు రోజూ దాన్ని తనే వెలిగించేదట. వెలిగించేటప్పుడు బొటనవేలు ఒక పువ్వు మీద ఆనేది. ఆ పువ్వున్న ముక్కలు ట్రేలో వెతికి, దగ్గరకు చేర్చి చూపించింది.

"అతకండి. ఎంతకాలం పట్టినా ఫర్వాలేదు," అని లేచింది. తర్వాత మౌనిక వైపు తిరిగి, గొంతు పెంచకుండా, "ఈ నెలాఖరుకి నువ్వు ఇంకో చోటు చూసుకో. కోపంతో అనడం లేదు. నాకు ఇంట్లో ఎవరూ వద్దనిపిస్తోంది, అంతే," అంది.

మౌనిక "ఓకే" అంది. మళ్లీ ఆవిడ మోచెయ్యి పట్టుకుని మెట్టు దింపింది.

మర్నాడు ముక్కలు కడగడానికి కూర్చున్నప్పుడు అసలు విషయం తెలిసింది. పగులు అంచుల్లో కొన్ని తెల్లగా, కొత్తగా ఉన్నాయి. కొన్ని పచ్చగా, జిడ్డుగా ఉన్నాయి. ఆ పచ్చదనం పాత జిగురు, కుర్చీలకి వడ్రంగులు వాడే వజ్రం బంక లాంటిది. లైట్లు ఆపి, యూవీ టార్చి వేసి చూశాను. ఆ నీలి వెలుతురులో అసలు గ్లేజు ఒకలా, తర్వాత పూసిన రంగు ఇంకోలా కనిపిస్తాయి. ఐరిన్ బొటనవేలు ఆనించే పువ్వులో సగానికి పైగా, దాని చుట్టూ ఆకులు నాలుగు, తర్వాత పూసినవే. కింద మొక్కజొన్న గింజంత మేర ఒకచోట, బొటనవేలంత మేర ఇంకోచోట, ప్లాస్టర్ పెట్టి పూడ్చారు. ఈ ల్యాంపు ఎప్పుడో ఒకసారి పగిలింది. ఎవరో అతికారు.

నా మనసులో మొదట మెదిలింది ఆ అమ్మాయి. జిగురు కాలం తీరిపోయింది. ఇవాళ కాకపోతే ఇంకో ఏడాదికి తనంతట తనే విడిపోయేది. ఆ మాట యజమానికి చెబితే అమ్మాయి తప్పు సగం తగ్గుతుంది. అబద్ధం ఆడకుండానే మేలు చెయ్యొచ్చు. అలా అనుకుని సోమవారం ఐరిన్‌కి ఫోన్ చేశాను.

ఆవిడ నమ్మలేదు. మళ్లీ మౌనికని తీసుకుని వచ్చింది. నేను యూవీ టార్చితో చూపించాను. అయినా నమ్మినట్టు లేదు. దూది పుల్లని అసిటోన్‌లో, అంటే నెయిల్ పాలిష్ తీసేదాంట్లో, ముంచి ఒక ఆకు అంచుని మెల్లగా రుద్దాను. దూది ఆకుపచ్చగా అయింది.

"మీ అమ్మగారు వేసిన రంగు గ్లేజు కింద ఉంటుంది. ఇలా ఊడదు. ఇది పైన పూసింది. ఎవరో రిపేరు చేసినవాళ్లు కలిపిన రంగు."

చెప్పే తీరులో కాస్త గర్వం ఉంది. నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఐరిన్ ఆ దూది పుల్లని చాలాసేపు చూసింది. "అయితే నేను ఇన్నేళ్లూ ముట్టుకున్నది ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి వేసిన పువ్వునా?"

నేను అసిటోన్ సీసా మూత బిగించాను.

"తీసెయ్యండి. మా అమ్మది కానిది ఒక్క చుక్క కూడా దాని మీద ఉండకూడదు."

రెస్టొరేషన్‌లో అది మామూలు పద్ధతే. పాత రిపేరు చెడిపోతే, పాత రంగంతా తీసి, అసలుదాకా వెళ్లి, అక్కణ్నించి మొదలెడతాం. నేను నేర్చుకున్నదీ అదే. మౌనిక గది సంగతి నేను ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. వెళ్లేటప్పుడు ఆవిడ మౌనిక చెయ్యి పట్టుకోకుండానే మెట్టు దిగింది.

బుధవారం పని మొదలెట్టాను. భూతద్దం కింద పెట్టి, పుల్ల తర్వాత పుల్లతో, ఒక ఆకు మొత్తం తీశాను. తర్వాత ఇంకోటి. వాటి కింద వట్టి ప్లాస్టరు. పువ్వులో మొదటి రేక తీశాను. రెండో రేక సగం తీసేటప్పటికి చెయ్యి ఆగింది.

రిపేరు చేసేవాళ్లం ఎవరమూ రేకని ఒక్క ఊపులో వెయ్యం. పక్క రంగుతో కలవాలి కాబట్టి చుక్క చుక్కగా అద్దుతూ, ఆరబెట్టుకుంటూ, మళ్లీ అద్దుతూ పోతాం. నేనైతే ఒక రేకకి రెండు గంటలు తీసుకుంటాను. భూతద్దం కింద నాకు కనిపించింది అద్దకం కాదు. బ్రష్షు ఒక్కసారి అదిమి, లాగి, లేపిన గీత. లేపినచోట రంగు చిన్న గడ్డలా నిలబడింది. ఆ గడ్డ రేకకి ఎడమవైపు ఉంది.

ల్యాంపు అవతలివైపు ముక్కల మీద, పాత రిపేరు లేనిచోట, గ్లేజు కింద ఉన్న అసలు పువ్వుల్ని చూశాను. కుడిచేత్తో వేసేవాళ్లకి ఆ గడ్డ సాధారణంగా కుడివైపు పడుతుంది. ఇక్కడ ప్రతి రేకకీ ఎడమవైపే పడింది. ఆకులకీ అంతే. గ్లేజు కింద వేసిన చెయ్యీ, గ్లేజు పైన వేసిన చెయ్యీ ఒక్కటే.

అసిటోన్ సీసా మూత పెట్టి, చేతులు కడుక్కుని, ఐరిన్‌కి ఫోన్ చేశాను.

"మీ అమ్మగారిది ఎడమచెయ్యి వాటమా?"

"అవును. స్కూల్లో కొట్టినా మారలేదట. మీకెలా తెలుసు?"

"మీరొకసారి షాపుకి రావాలి. నేను ఒక పొరపాటు చేశాను."

అరగంటలో ఇద్దరూ వచ్చారు. మౌనిక స్టోర్ యూనిఫామ్‌లోనే ఉంది, డ్యూటీ నుంచి దారిలో వచ్చినట్టుంది. నేను భూతద్దం కింద రెండు పువ్వుల్నీ పక్కపక్కన పెట్టి చూపించాను. ఎంత తీసేశానో వేలుపెట్టి చూపించాను. రెండు ఆకులు, ఒకటిన్నర రేక. మళ్లీ తేలేనని కూడా చెప్పాను.

ఐరిన్ కుర్చీలో కూర్చుని, బ్యాగులోంచి ఫోన్ తీసి, "నాకు నంబరు కనపడదు. కెన్ అని ఉంటుంది, కలుపు," అని మౌనికకి ఇచ్చింది. కెన్ ఆవిడ అన్న. ఎనభై దాటాయి, కాల్గరీలో కూతురి దగ్గర ఉంటాడు. మౌనిక స్పీకర్ ఆన్ చేసి కౌంటర్ మీద పెట్టింది.

ఐరిన్ కుశలప్రశ్నలేం అడగలేదు. "అమ్మ ల్యాంపు ముందెప్పుడైనా పగిలిందా?" అంది.

లైను తెగిందేమోనని మౌనిక ఫోన్ వైపు వంగింది.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడాయన.

"కెన్, అడిగినదానికి చెప్పు."

"నాన్నకి చెప్పనని అమ్మ నా దగ్గర మాట తీసుకుంది. నాన్న పోయి నలభై ఏళ్లయింది, ఇంక చెప్పినా తప్పులేదేమో." ఆయన దగ్గి, గొంతు సవరించుకున్నాడు. "అప్పుడు నాకు పదకొండేళ్లు. జ్వరమని స్కూలు మానేశాను. నువ్వు స్కూల్లో ఉన్నావు. ముందు గదిలో గోడకేసి బంతి కొడుతున్నాను. ల్యాంపు కింద పడింది. అమ్మ వంటగదిలోంచి వచ్చి చూసింది. తిడుతుందని గోడకి అంటుకుపోయాను. అమ్మ తిట్టలేదు. ముక్కలన్నీ ఏప్రన్‌లోకి ఏరుకుంది. నాన్న కుర్చీలకి వాడే జిగురు వేడిచేసి అతికింది, ముక్కలు దొరకనిచోట ప్లాస్టర్ పూడ్చింది. మర్నాడు నన్ను బొమ్మ విమానాలు అమ్మే షాపుకి పంపింది. నారింజ రంగొకటి, ఆకుపచ్చొకటి, చిన్న డబ్బాలు తెమ్మంది."

"అమ్మే వేసిందా?"

"ఇంకెవరేస్తారు? నాన్న స్టీల్ ప్లాంటులో పగటి షిఫ్టులో ఉన్నాడు. వంటింటి బల్ల మీద పెట్టుకుని వేసింది. ఎంతసేపనుకున్నావ్? పోసిన టీ చల్లారలేదు. వేసేసి, బ్రష్షు అలాగే పట్టుకుని కూర్చుంది. ఇంకా ఏమైనా వెయ్యమ్మా అన్నాను. ఇంకేం లేదు వెయ్యడానికి అంది. బ్రష్షు కడిగి నాకిచ్చేసింది."

కొంచెం ఆగి, "కెనడా వచ్చాక అమ్మ బ్రష్షు పట్టుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే," అన్నాడు.

ఐరిన్ "సరే కెన్, మళ్లీ చేస్తాను," అని చెయ్యి చూపిస్తే, మౌనిక ఫోన్ ఆపింది.

నా ముప్ఫయ్యేళ్ల చదువూ, పనీ కలిపి కూడా అలాంటి నిమిషం ఇంకోటి లేదు. ఇంగ్లండు ఫ్యాక్టరీలో ఆవిడ వేలకొద్దీ పువ్వులు వేసుంటుంది. అవి ఎన్ని ఇళ్లల్లో ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఈ దేశంలో వేసింది ఒక్కటి. అందులో సగం నేను దూదితో తుడిచేశాను.

"క్షమించండి," అన్నాను.

"తీసెయ్యమన్నది నేనే," అంది ఐరిన్. ఆ మాట నన్ను ఓదార్చడానికి అన్నది కాదు. ఉన్నది ఉన్నట్టు అంది. తర్వాత, "ఆ దూది ఉందా?" అని అడిగింది.

వాడిన పుల్లలు నేను మూతున్న గాజు సీసాలో వేస్తాను, అసిటోన్ వాసన రాకుండా. సీసా తెచ్చి మూత తీశాను. లోపల నారింజ, ఆకుపచ్చ మరకలతో దూది ముద్దలు. ఆవిడ ఒకసారి చూసి, "వద్దు. మూసెయ్యండి," అంది.

అప్పటిదాకా గోడపక్కన నిలబడ్డ మౌనిక ఏడవడం మొదలుపెట్టింది. ఐరిన్ తల తిప్పకుండా చెయ్యి చాచింది. ఆ అమ్మాయి వచ్చి పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

"కెన్‌ని మా అమ్మ ఏమీ అనలేదట. విన్నావుగా," అంది ఐరిన్.

అంతే. గది గురించి ఒక్క మాట కూడా రాలేదు. నెలాఖరు దాటింది. మౌనిక పెట్టె సర్దుకుని వెళ్తున్నానంటే, "ఎక్కడికి?" అందట ఐరిన్. కోర్సు అయ్యేదాకా, మరుసటి ఏప్రిల్ వరకూ ఆ అమ్మాయి అక్కడే ఉంది. ముందు గదిలో ఛార్జరు మాత్రం అవతలి గోడకి మారింది.

ఇక ల్యాంపు. మిగిలిన రేకలూ, రెండాకులూ నేను మళ్లీ ముట్టుకోలేదు. రంగు లేవకుండా వాటి మీద పల్చటి రక్షణ పూత ఒకటి వేశాను. దాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు, కింది రంగుకి దెబ్బ తగలకుండా తియ్యొచ్చు. ముక్కలు అతికాను. తీసేసినచోట ఏం చెయ్యాలన్నది మిగిలింది. ఫొటోలున్నాయి, పని మొదలెట్టేముందు తీసుకున్నవి. వాటిని చూసి ఆ రేకనీ, ఆకుల్నీ వెయ్యగలనని ఐరిన్‌తో అన్నాను.

"అమ్మ వేసినట్టేనా?"

"చూడ్డానికి అలాగే ఉంటాయి. కానీ నేను అద్దుతాను. ఆవిడలా ఒక్క ఊపులో నాకు రాదు."

"అయితే వద్దు. ఖాళీగా వదిలెయ్యండి."

ఆ మేర దంతం రంగు మాత్రం వేసి వదిలేశాను. చూసినవాళ్లకి పువ్వు ఒక పక్క విచ్చుకోనట్టు కనిపిస్తుంది. కొత్త తీగ, కొత్త హోల్డరు వేశాను. ఇంగ్లండు బల్బులు గుచ్చి తిప్పేవి, ఇక్కడివి మరమేకులా తిప్పి బిగించేవి. అందుకని దాని హోల్డరు ఈ దేశానికి వచ్చినప్పుడే ఒకసారి మారింది. నాది రెండో మార్పు.

ఇచ్చేసే రోజున ఒక పని చేశాను. అంతకుముందెప్పుడూ చెయ్యలేదు. ఒక చిన్న కాగితం మీద ఈ ల్యాంపుకి ఏమేం జరిగిందో రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అడుగున ఫెల్టు గుడ్డ కింద అంటిస్తానని చెప్పాను. నా తర్వాత దీన్ని విప్పేవాళ్లకి తెలియాలి కదా. ఎవరెవరు పగలగొట్టారో కూడా రాయాలా అని ఐరిన్‌ని అడిగాను. మౌనిక ఆ మాట విని తల దించుకుంది.

"పగలగొట్టినవాళ్ల పేర్లు దేనికి?" అంది ఐరిన్. "అతికినవాళ్లవి రాయండి."

మొదట వాళ్లమ్మ పేరు రాశాను, అక్షరాలు ఐరిన్ చెబుతుంటే. తర్వాత నా పేరు. దాని కింద, ఆవిడ అడగకపోయినా, ఎంత మేర తుడిచేశానో, అది చేసింది నేనేనని కూడా రాసి సంతకం పెట్టాను. ఆవిడ కాగితం కంటికి దగ్గరగా పెట్టుకుని చివరిదాకా చదివింది. ఆ వాక్యం తీసెయ్యమనలేదు.

రంగు ఊడిందంటే అది పరాయిదేనని నేను నేర్చుకున్నాను, నా దగ్గర పని నేర్చుకోవడానికొచ్చే పిల్లలకీ అదే నేర్పేదాన్ని. యూవీ టార్చి రంగు ఎప్పటిదో చెబుతుంది గానీ ఎవరిదో చెప్పదు. ఎవరిదో చెప్పగలిగింది కాల్గరీలో ఉన్న ఒక పెద్దాయన, ఆయన్ని అడగడానికి నాకు ఒక్క ఫోన్ కాల్ పట్టేది. ఇప్పుడు నా షాపుకి పాత రిపేరు ఉన్న వస్తువు ఏదొచ్చినా, సీసా మూత తియ్యకముందే అడుగుతాను: ఇది మీ ఇంట్లో ఉన్న కాలంలో మీతో పాటు ఇంకెవరున్నారు, వాళ్లలో ఇప్పుడు మాట్లాడగలిగినవాళ్లెవరు? కొంతమంది విసుక్కుంటారు, ల్యాంపు బాగుచెయ్యమంటే చుట్టాల లెక్క దేనికని. అయినా వాళ్లు ఫోన్ చేసి వచ్చేదాకా నేను ఆగుతాను.